సైడుకి ఎన్ని నిమిషాలు? రెండు గంటల కచేరీని ఎల్పీల మీదికి ఎక్కించే లెక్క

మైలాపూరు సభల్లో ధనుర్మాసం కచేరీ అంటే రెండు గంటల మాట. అందులో ప్రధాన కృతి ఒక్కటే, తని ఆవర్తనంతో (మృదంగం ఒంటరిగా వాయించే భాగం) కలిపి, యాభై నిమిషాలు పోతుంది. అలాంటి రికార్డింగును ఎల్పీగా వేయాలనుకునేవాళ్ళు ముందు అడిగేది సైడుకి ఎన్ని నిమిషాలు పడతాయని. జవాబు రికార్డులు అచ్చువేసే ప్రెస్సింగ్ ఫ్యాక్టరీల పట్టికల్లో ఉంటుంది: 12 అంగుళాల రికార్డు, 33⅓ వేగం అయితే 18 నుంచి 20 నిమిషాలు హాయిగా పడతాయి, 22 దాటితే జాగ్రత్త. ఆ అంకె తప్పు కాదు. కానీ దాన్ని పట్టుకుని కచేరీని ఇరవయ్యేసి నిమిషాల ముక్కలుగా కోస్తే మాత్రం పాడవుతుంది. రికార్డు మీద నిమిషాలన్నిటికీ ధర ఒకటి కాదు. ఆలాపన నిమిషానిది శివారు అద్దె, తని ఆవర్తనం నిమిషానిది టి.నగర్ అద్దె.

ముందు స్థలం సంగతి. 12 అంగుళాల రికార్డు మీద సంగీతం మొదలయ్యే గాడి కేంద్రానికి సుమారు 146 మి.మీ. దూరంలో ఉంటుంది. లోపలికి 60 మి.మీ. దాకా రావచ్చు, అంతకు మించి రాకూడదు. మధ్యలో మిగిలే పట్టీ 86 మి.మీ. లోపే. రికార్డు నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది కాబట్టి 20 నిమిషాలంటే 667 చుట్లు. ఆ పట్టీని వాటికి పంచితే చుట్టుకు 128 మైక్రాన్లు వస్తుంది. 23 నిమిషాలైతే 112, 30 నిమిషాలైతే 86.

ఇందులో గాడి వెడల్పుకే సుమారు 50 మైక్రాన్లు కావాలి. పక్క గాడికి తగలకుండా మధ్యలో 10 మైక్రాన్ల గట్టు వదలాలి. మిగిలినదాంట్లో సగం ఈ గాడి ఊగడానికి, సగం పక్క గాడి ఊగడానికి. అంటే 20 నిమిషాల సైడులో గాడి అటూ ఇటూ 34 మైక్రాన్లు ఊగొచ్చు, 23 నిమిషాల సైడులో 26, 30 నిమిషాల సైడులో 13. శబ్దం పెద్దదిగా ఉందా చిన్నదిగా ఉందా అనేది ఈ ఊపే. 20 నుంచి 23కి వెళ్తే దాదాపు రెండున్నర డెసిబెల్స్ పోతాయి, 23 నుంచి 30కి వెళ్తే మరో 6. ఇది గాళ్ళ మధ్య దూరం అంతటా ఒకటే అనుకున్నప్పటి లెక్క. అసలు పనిలో కొంత తిరిగి రాబట్టుకోవచ్చు. ఎలాగో కిందికి వస్తే తెలుస్తుంది.

లెవెల్ తగ్గితే వినేవాడు వాల్యూమ్ పెంచుకుంటాడు కదా, నష్టమేమిటి అంటారు. వాల్యూమ్‌తో పాటు దుమ్ము చిటపటలు, ప్లాస్టిక్ ఇసుక చప్పుడు, మోటారు గురగుర అన్నీ అంతే పెరుగుతాయి. 1975లో అమెరికన్ రాక్ గాయకుడు టాడ్ రండ్‌గ్రెన్ ఒకే ఎల్పీ మీద గంటకు పైగా సంగీతం కుక్కి, శబ్దం చాలకపోతే టేపు మీదికి ఎక్కించుకుని వినమని శ్రోతలకు ఆ రికార్డుతోనే చెప్పాడు. రికార్డు కొన్నవాడికి టేపు చేసుకోమని సలహా ఇవ్వాల్సి వచ్చిందంటే సైడు ఎంత ఇరుకైందో ఊహించుకోవచ్చు. రాక్ పాటలో చిటపటలు కొంతవరకు మునిగిపోతాయి. ఒక్క గొంతు, ఒక్క వయొలిన్, వెనక తంబురా ఉన్న ఆలాపనలో అవి దాక్కోవడానికి చోటు లేదు.

తిరిగి రాబట్టుకునే మార్గం ఇది. గాడి కోసే లేత్ ప్రతి చుట్టుకీ ఒకే దూరం వదలదు. ఒక చుట్టుకు 1.8 సెకన్లు. రాబోయే చుట్టులో శబ్దం ఎంత ఉందో లేత్ ముందే విని, పెద్దదైతే ఎడం పెంచుతుంది, చిన్నదైతే గాళ్ళను దగ్గరకు లాగుతుంది. టేపు కాలంలో ఇందుకు మెషీన్ మీద ఇంకో హెడ్ ముందుండేది. తర్వాత ఆ పని డిజిటల్ డిలే చేసింది. ఆలాపన నిమిషం చవక అన్నది ఇందుకే. మృదంగం లేదు, బేస్ (లోతైన మోత) లేదు, గొంతు నెమ్మదిగా ఎక్కి దిగుతుంది. లేత్ చాలా చోట్ల గాళ్ళను బిగించి కోసేస్తుంది. తని ఆవర్తనంలో ఆ వెసులుబాటు లేదు. దెబ్బ దెబ్బకీ చోటు కావాలి.

చోటునంతా మింగేది బేస్. రికార్డు కోసేటప్పుడు కింది స్థాయి శబ్దాలను తగ్గించి, పై స్థాయి శబ్దాలను పెంచి కోస్తారు. వినేటప్పుడు ఫోనో ఆంప్లిఫయర్ దాన్ని తిరగేస్తుంది. 1954 నుంచి వాడుకలో ఉన్న ఆర్‌ఐఏఏ (అమెరికా రికార్డుల పరిశ్రమ సంఘం) పద్ధతి ఇదే. అంత తగ్గించినా, 1000 హెర్ట్జ్ దగ్గర 8 మైక్రాన్లు ఊగే శబ్దం అదే లెవెల్లో 50 హెర్ట్జ్ దగ్గర 23 మైక్రాన్లు ఊగుతుంది. కాబట్టి మిక్సులో మొదట చూడాల్సింది సంగీతం కాని బేస్. వేదిక పలకల దబదబ, తొడ మీద తాళం వేసే చప్పుడు మైకు స్టాండు గుండా ఎక్కడం, హాల్లో ఏసీ గుర్రు, ఇవన్నీ ఎక్కువగా 40 హెర్ట్జ్ కిందే ఉంటాయి. అక్కడ నిటారు ఫిల్టర్ పెడితే చెవికి ఏమీ తేడా తెలియదు, గాడికి మాత్రం చోటు దొరుకుతుంది. మృదంగం తొప్పి (ఎడమ ముఖం) మీది గుమ్కిని, ఆ లోతైన మోతను, మటుకు ముట్టుకోవద్దు. దాన్ని కోసేసి రెండు నిమిషాలు సంపాదించడం దండగ బేరం.

రెండో చిక్కు, బేస్ ఏ వైపు ఉందన్నది. స్టీరియో గాడిలో రెండు చానెళ్ళలోనూ ఒకేలా ఉన్న శబ్దం సూదిని అటూ ఇటూ కదుపుతుంది. తేడాగా ఉన్నది పైకీ కిందికీ కదుపుతుంది. కిందికి వెళ్ళినప్పుడు గాడి లోతై, వెడల్పై పక్కదాన్ని తినేస్తుంది. పైకి వచ్చినప్పుడు పలచబడి సూది ఎగిరిపోతుంది. వేదిక మీద సాధారణంగా మృదంగం గాయకుడి కుడిపక్క, వయొలిన్ ఎడమపక్క. అదే అమరికను స్టీరియోలో పూర్తిగా ఒక మూలకు తోసి మిక్స్ చేస్తే గుమ్కి అంతా ఒకే చానెల్లో పడుతుంది. 150 హెర్ట్జ్ కింద అంతా మధ్యలోకి తెచ్చేయండి. మృదంగం ఎక్కడుందో చెవికి చెప్పేది చాపు, మీటు దెబ్బల పదును. అది ఎలాగూ ఆ 150 హెర్ట్జ్‌కు పైన ఉంటుంది. స్థానం మారినట్టు ఎవరికీ అనిపించదు. దూరదూరంగా పెట్టిన రెండు మైకులతో పట్టిన రికార్డింగయితే, రెండు చానెళ్ళూ ఒకే దిశలో ఊగుతున్నాయో లేదో చూపే ఫేజ్ మీటర్ పెట్టి చూడాలి. అందులో బేస్ ఎదురెదురు దిశల్లో పడటం మామూలే.

మూడోది లోపలి గాళ్ళ సంగతి. బయటి అంచు దగ్గర సూది కింద గాడి సెకనుకు 51 సెం.మీ. వేగంతో కదులుతుంది. 60 మి.మీ. దగ్గరికి వచ్చేసరికి అది 21 సెం.మీ. అక్కడ 10,000 హెర్ట్జ్ శబ్దం ఒక్క అల పొడవు 21 మైక్రాన్లే. మామూలు గుండ్రటి సూది మొన వ్యాసార్ధం 18 మైక్రాన్లు. ఆ మొన ఆ వంపుల్లో దూరలేదు. ఫలితం బొంగురు, చీదర. ఎక్కువగా దెబ్బతినేది 'స', 'ష' లాంటి అక్షరాలు. ఇప్పుడు స్వరకల్పన (కృతి చివర అప్పటికప్పుడు అల్లి పాడే స్వరాలు) తలుచుకోండి. ఆవర్తనానికోసారి పై షడ్జం మీద వాలి, చివరి కోర్వైలో (ముగింపు అల్లికలో) పదేపదే 'స' అంటూ, మృదంగం పూర్తి జోరులో ఉండగా ముగిసే సంగీతం. దాన్ని తెచ్చి సైడు చివర పెట్టడం కంటే పెద్ద తప్పు లేదు. చాలా కచేరీ ఎల్పీల్లో జరిగేది కచ్చితంగా అదే, ఎందుకంటే కృతి ముగిసిన చోట సైడు ముగించడం సహజంగా తోస్తుంది.

ఇక పంపకం. ఒక నమూనా కచేరీ తీసుకుందాం: వర్ణం 5 నిమిషాలు, కృతి 8, స్వరాలతో ఇంకో కృతి 10, ఉప ప్రధానం 22 (ఆలాపన 7, వయొలిన్ 4, కృతీ స్వరాలూ 11), వేగంగా ఒక చిన్న కృతి 4, ప్రధానం 52 (ఆలాపన 12, వయొలిన్ 8, కృతి 8, నెరవల్, అంటే ఒకే పాదాన్ని రకరకాలుగా పాడటం, 6, స్వరాలు 6, తని 12), పదం 6, జావళి 4, తిల్లానా 6, మంగళం 2. మొత్తం 119 నిమిషాలు. మూడు ఎల్పీలు, ఆరు సైడులు. సగటు ఇరవైకి ఒక పిసరు తక్కువ. కాగితం మీద చక్కగా సరిపోయింది కదా అని సమానంగా పంచొద్దు.

ఎ సైడు: వర్ణం, రెండు కృతులు, 23 నిమిషాలు. బి సైడు: ఉప ప్రధానం, 22. సి సైడు: ప్రధాన రాగం ఆలాపన, వయొలిన్, 20. డి సైడు: కృతి, నెరవల్, 14. ఇ సైడు: స్వరాలు, తని, 18. ఎఫ్ సైడు: పదం, చిన్న కృతి, జావళి, తిల్లానా, మంగళం, 22.

డి సైడు పద్నాలుగే ఏమిటి, స్వరాలు కూడా అక్కడే వేస్తే సరిగ్గా ఇరవై అయ్యేది కదా అనిపిస్తుంది. అలా చేస్తే స్వరాల కోర్వై సైడు చివర, లోపలి గాళ్ళలో పడుతుంది. నెరవల్ ముగిసి గాయకుడు మళ్ళీ ఆ పాదం ఎత్తుకున్న చోట ఆపితే సంగీతంలోనూ అది అతుకు ఉన్న చోటే. స్వరాలు ఇ సైడు మొదట్లో, బయటి అంచున, విశాలంగా పడతాయి. తని వాటి వెనకే వస్తుంది. తని ముగింపు మాత్రం లోపల పడదా? పడదు. ఆరు సైడుల లెవెల్ ఒకటే ఉండాలి, లేకపోతే వినేవాడు రికార్డు తిప్పినప్పుడల్లా వాల్యూమ్ మీద చెయ్యి వేయాలి. ఆ లెవెల్‌ను నిర్ణయించేది అన్నిటికంటే ఇరుకైన సైడు, ఇక్కడ ఎ సైడు. దాని సగటు ఎడం 112 మైక్రాన్లతోనే ఇ సైడునూ కోస్తే 18 నిమిషాలు 67 మి.మీ. తీసుకుంటాయి. తని చివరి దెబ్బ కేంద్రానికి 79 మి.మీ. దూరంలో పడుతుంది. అక్కడ వేగం సెకనుకు 27.6 సెం.మీ., అంటే లోపలి అంచు కంటే మూడోవంతు దాకా ఎక్కువ. పొట్టి సైడు వృథా అయిన సైడు కాదు.

బి సైడు 22 నిమిషాలని భయపడనక్కర్లేదు. మొదటి సగం ఆలాపన, లేత్ దాన్ని బిగించి కోసి కృతికి చోటు మిగులుస్తుంది. ఎఫ్ సైడు చివర మంగళం, రెండు నిమిషాల నెమ్మది పాట. లోపలి గాళ్ళకు అంతకంటే మంచి అతిథి దొరకదు. సంప్రదాయమే ఆ పని చేసి పెట్టింది. తని తర్వాత చిన్న కృతిని చివరి పాటల్లోకి జరిపినందుకు రసికుల్లో ఎవరైనా ముఖం చిట్లిస్తే చిట్లించనివ్వండి.

అసలు ముల్లు ఎ సైడు. 23 నిమిషాలూ మృదంగమే, ఒక్క చవక నిమిషం లేదు. ముందు చప్పట్లు, శ్రుతి సరిచేసుకోవడాలు కత్తిరించండి. లైవ్ రికార్డింగులో అవి రెండు నిమిషాలదాకా తేలడం మామూలే. అప్పటికీ 22 దాటితే వర్ణాన్ని ఎల్పీ నుంచి తీసి డౌన్‌లోడ్‌లో ఇవ్వడం నయం. ఐదు నిమిషాల వర్ణం కోసం మిగతా ఐదు సైడుల లెవెల్ దించడం సరైన బేరం కాదు.

పాత స్పూల్ టేపుల నుంచి తీసేవాళ్ళకు ఇంకో సంగతి. 1200 అడుగుల రీలు సెకనుకు 7½ అంగుళాల వేగంతో 32 నిమిషాల్లో అయిపోతుంది. కాబట్టి ప్రధాన కృతి మధ్యలో ఎక్కడో రీలు మారిన ఖాళీ ఉంటుంది. దాన్ని అతకలేకపోతే సైడు విరుపును అక్కడే పెట్టుకోవడం తెలివైన పని. క్యాసెట్ విరుపులు మాత్రం పనికిరావు. సీ-90 క్యాసెట్ సైడు 45 నిమిషాలు, ఎల్పీ లెక్కకు దానితో పొత్తు కుదరదు.

సైడు విరిగిన చోట సూది దించగానే గాయకుడు నెత్తిన పడినట్టు ఉండకూడదు. రెండు మూడు సెకన్లు ఒట్టి తంబురా వినిపించి శ్రుతి చెవిలో కూర్చున్నాక పాట రావాలి. ఆలాపన ముందు తంబురా ఒంటరిగా మోగే ముక్క దాదాపు ప్రతి రికార్డింగులో దొరుకుతుంది. దాన్ని నకలు తీసి డి, ఇ సైడుల మొదట్లో అతికించండి. ముక్క తీసిన చోటా, అతికించే చోటా శ్రుతి ఒకటేనా అని ట్యూనర్‌తో చూసుకోవాలి. గంట సేపట్లో తంబురా జారి ఉంటుంది. సైడు చివర ఐదారు సెకన్ల ఫేడ్ చాలు. తంబురా చేసే ఇంకో ఉపకారం ఉంది. ఎల్పీలో గాడి గోడ పక్క గోడను కాస్త నొక్కుతుంది కాబట్టి, రాబోయే పెద్ద శబ్దం ఒక చుట్టు ముందే, 1.8 సెకన్ల ముందు, దెయ్యంలా లీలగా వినిపిస్తుంది. నిశ్శబ్దంలోంచి మొదలయ్యే సంగీతంలో ఇది చికాకు. మనకు నిశ్శబ్దమే లేదు, తంబురా దాన్ని కప్పేస్తుంది.

కటింగ్ ఇంజినీర్‌కు పంపేవి: సైడుకి ఒక ఫైలు, పాటల మధ్య ఖాళీలతో సహా, 24 బిట్ వేవ్ (.wav), రికార్డింగ్ ఏ శాంపిల్ రేటులో ఉంటే ఆ రేటులోనే. వెంట ప్రతి పాటా మొదలయ్యే సమయం నిమిషాలు, సెకన్లలో రాసిన కాగితం. పాటల మధ్య వెడల్పు గీత కావాలా వద్దా అన్నదీ అందులోనే రాయాలి. ఆలాపనకూ కృతికీ మధ్య గీత అడక్కండి, అది చోటు తింటుంది, పైగా ఆ చోట సంగీతం ఆగదు. స్ట్రీమింగ్ కోసం లిమిటర్‌తో ఉబ్బించిన మాస్టర్ పంపొద్దు. అది రికార్డు శబ్దాన్ని పెంచదు, నెమ్మది చోట్లను కూడా పెద్దవి చేసి, లేత్ బిగించి కోసే అవకాశం పోగొడుతుంది. 'స'ల పదును కొంత మీరే తగ్గించి పంపొచ్చు, కానీ స్వరాల భాగంలో మాత్రమే. మొత్తం మీద పెడితే గొంతు మొద్దుబారుతుంది.

మూడు ఎల్పీల సెట్టులో ఏ సైడు వెనక ఏ సైడు ఉండాలో కూడా స్పష్టంగా రాయండి. రికార్డులను పేర్చి ఒకదాని తర్వాత ఒకటి పడేసే పాత ఛేంజర్ల కోసం ఒకటికి ఆరు, రెండుకి ఐదు, మూడుకి నాలుగు జతకట్టేవారు. ఇప్పుడు ఎవరికీ అది అక్కర్లేదు. ఎ వెనక బి, సి వెనక డి, ఇ వెనక ఎఫ్.

180 గ్రాముల రికార్డు మీద ఎక్కువ నిమిషాలు పడతాయన్నది ఒట్టి మాట. బరువు మందానికి సంబంధించింది, గాడి చోటుకు కాదు. 45 వేగంలో వేస్తే శబ్దం బాగుంటుంది, కానీ సైడుకి 12 నిమిషాలే హాయి. ఈ కచేరీకి ఐదు ఎల్పీలవుతాయి, ఆలాపన నడుమ లేచి రికార్డు తిప్పాలి. వద్దు. పనికొచ్చే ప్రత్యామ్నాయం డీఎంఎం, అంటే మామూలుగా వాడే మెత్తటి ల్యాకర్ పూత మీద కాకుండా నేరుగా రాగి పలక మీద గాడి కోయడం. 1980ల మొదట్లో టెల్డెక్, న్యూమన్ తెచ్చిన పద్ధతి. చెక్ దేశంలోని జీజెడ్ మీడియా అనే ఫ్యాక్టరీలో దొరుకుతుంది. రాగి ల్యాకర్‌లా తిరిగి సాగదు కాబట్టి గాళ్ళను ఇంకొంచెం దగ్గరగా కోయొచ్చు, ముందే వినిపించే దెయ్యం శబ్దం తగ్గుతుంది. కొందరికి పై శబ్దాలు కటువుగా తోస్తాయి. మోర్సింగ్, ఘటం ఉన్న కచేరీ అయితే ల్యాకర్‌కే నా ఓటు. ఎ సైడు ఎంతకీ 22 కిందకు రాని సెట్టయితే డీఎంఎంకు.

టెస్ట్ ప్రెస్సింగులు నాలుగైదు వస్తాయి. ప్రతి సైడు చివరి మూడు నిమిషాలు ముందు వినండి, మొదలు తర్వాత వినొచ్చు. ఒకసారి మంచి సూదితో, ఒకసారి గుండ్రటి మొన ఉన్న చవక ప్లేయర్ మీద వినాలి. కొనేవాళ్ళలో చాలామంది దగ్గర ఉండేది రెండోదే. గుమ్కి దగ్గర సూది ఎగిరితే కటింగ్ తప్పు, అన్ని కాపీల్లోనూ అదే చోట ఎగురుతుంది. ఒక కాపీలోనే, చిరిగినట్టు చప్పుడు వస్తే అక్కడ ప్లాస్టిక్ గాడి నిండా పారలేదని అర్థం. దానికి మళ్ళీ కోయక్కర్లేదు, ప్రెస్సింగ్ సరిచేయమని అడగాలి.

మన సంగీతానికి ఇంకో పరీక్ష తప్పనిసరి: రంధ్రం కేంద్రంలో ఉందా లేదా. అది 0.2 మి.మీ. పక్కకు జరిగితే లోపలి గాళ్ళ దగ్గర స్వరం దాదాపు ఆరు సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరోవంతు) పైకి, ఆరు కిందికి, 1.8 సెకన్లకోసారి ఊగుతుంది. బయటి అంచున రెండున్నర సెంట్లకు మించదు. డ్రమ్స్ పాటలో దీన్ని ఎవరూ పట్టుకోరు. తంబురా మీద నిలిచిన కార్వైలో (పొడుగ్గా నిలిపిన స్వరంలో) మొదటి నిమిషంలోనే దొరికిపోతుంది. సి సైడు చివర, వయొలిన్ ఆలాపన ముగింపులో పొడుగు స్వరం దగ్గర సూది పెట్టి చూడండి. అన్ని కాపీలూ ఒకేలా ఊగితే స్టాంపర్‌ను (రికార్డులు నొక్కే అచ్చును) తప్పు చోట గుచ్చారు, కొత్తది అడగాలి. ఒక్క కాపీలోనే ఉంటే దాని రంధ్రం వదులైంది. కడ్డీ మీద దాన్ని కాస్త ఇటూ అటూ జరిపి పెడితే ఊపు పోతుందేమో చూసి, పోతే ఆమోదం రాసి పంపేయొచ్చు.